పోశక్క సోలెడు బియ్యం

మా అవ్వ బియ్యం తీసుకున్న దేవుడు మా అవ్వను ఎందుకు తీసుకోలేదు?

పద్దెనిమిదేళ్లుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. పొయ్యి ముందు కూర్చున్నా ఉంటుంది, చర్చిలో మోకరించినా ఉంటుంది. ఎవరినీ అడగలేదు. అడిగితే ఏదో ఒక జవాబు వస్తుందని భయం.

మా అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం. ఆమె పేరు పోశక్క. మాది మహారాష్ట్ర అంచున బామ్ని అనే పల్లె. నాన్న పోయాక నేనే ఆమెను సిరోంచకు, నా ఇంటికి తెచ్చుకున్నాను. వచ్చిన మరునాడే పొయ్యి తన చేతిలోకి తీసుకుంది. పదకొండేళ్లు మళ్లీ నాకివ్వలేదు.

మా సంఘంలో పిడికెడు బియ్యం ఆనవాయితీ ఉంది. వంటకు తీసిన బియ్యంలోంచి, కడగకముందే, ఒక పిడికెడు పక్కన కుండలో వేయాలి. అది దేవుని కుండ. నెలలో మొదటి ఆదివారం ఆ బియ్యం చర్చికి తీసుకెళ్లి అందరి ముందు గోనెసంచిలో పోస్తాం. సంచి పక్కన సంఘ పెద్ద నిలబడి, పోసిన ఇల్లాలి పేరు పైకి పలుకుతాడు. సంఘమంతా ‘స్తోత్రం’ అంటుంది. ఆ బియ్యం దిక్కులేని ముసలివాళ్ల ఇళ్లకు వెళ్తుంది.

అవ్వ బాప్తిస్మం తీసుకోలేదు. కానీ పిడికెడు తీయడం ఒక్క పూట మరవలేదు. బియ్యం కుండలో వేసి, వేలి కణుపుతో కుండ అంచు మీద రెండుసార్లు కొట్టేది. ‘నేనే, పోశక్కను’ అనేది.

“దేవునికి తెల్వదా అవ్వా, ఎవరేసిండ్రో?” అని నేను నవ్వేదాన్ని.

“తెలుస్తది. కని చెప్పాలె. ఒకరింటికి పోయినప్పుడు తలుపు కొట్టకుండ లోపటికి పోతమా?”

అప్పటి పాస్టరు అయ్యగారు బాప్తిస్మం విషయం మాట్లాడటానికి రెండుసార్లు మా ఇంటికి వచ్చారు. అవ్వ అన్నిటికీ సరేనంది. ఏసయ్య మీద నమ్మకమేనా అంటే, నమ్మకం లేకుంటే రోజూ బియ్యం ఎందుకేస్త అంది. నీళ్లలో మునగడానికి భయమా అంటే, ప్రాణహిత ఒడ్డున పుట్టినదాన్ని అంది. చివరికి ఆయన, “పోశక్క అన్నది గ్రామదేవత పేరు కదమ్మా, అది వదిలేసి కరుణమ్మ అని పెట్టుకుందాం,” అన్నారు. అక్కడ ఆగిపోయింది.

“ఈ పేరు మా అవ్వ పెట్టింది అయ్యా. రేపు పైన ఆయన కరుణమ్మా అని పిలిస్తే, పక్కింటామెను పిలుస్తుండు గావచ్చు అని నేను లేవనే లేవను. అప్పుడు తప్పు మీదయితది.”

నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. అయ్యగారు నవ్వలేదు. బాప్తిస్మం అక్కడికక్కడే నిలిచిపోయింది.

నాకు పేరు మారింది. పెళ్లికి ముందు నేను యాదక్కను. మా ఆయన వినోద్ వాళ్లు రెండు తరాల నుంచి క్రైస్తవులు. పెళ్లికి వారం ముందు ప్రాణహితలో ముంచి నన్ను ప్రసన్నను చేశారు. ఆ పేరు నాకు ఇష్టమే. కానీ అవ్వ చివరిదాకా ‘యాదవ్వా’ అనే పిలిచింది. ఇప్పుడు నన్నలా పిలిచేవాళ్లు ఈ భూమ్మీద ఎవరూ లేరు. ఒక్కోసారి ఇంట్లో ఎవరూ లేనప్పుడు నన్ను నేనే అలా పిలుచుకుంటాను. నా గొంతే వినబడుతుంది. ఆమెది రాదు.

అవ్వ పోయింది వానల్లో. ప్రాణహిత పొంగి ఎనిమిది రోజులు దారులు మూసుకుపోయాయి. బజారులో దుకాణాలు తెరవలేదు. మా ఇంట్లో బియ్యం అయిపోయాయి, పక్కింటి బదరున్నీసా వాళ్లవీ అడుగంటాయి. అవ్వకు జ్వరం. నాలుగు రోజులుగా ఏమీ తినలేదు. ఆ పూట తనే నోరు తెరిచి జావ అడిగింది.

“దేవుని కుండల సోలెడన్న ఉంటయి. తియ్యి.”

“అవి దేవునివి అవ్వా.”

“ఊకనే అడుగుతలేను. అప్పు. పోశక్క అడిగిందని చెప్పు.”

నేను కుండ అంచు మీద రెండుసార్లు కొట్టి, చెప్పి, సోలతో కొలిచి తీశాను. జావ రెండు చెంచాలు తాగింది. “మళ్ల పోయాలె యాదవ్వా. సోలెడు. మర్చిపోకు,” అంది. మర్నాడు మధ్యాహ్నానికి వెళ్లిపోయింది.

అయ్యగారు గొడుగు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. బాప్తిస్మం లేదు కాబట్టి సంఘం సమాధుల దగ్గర చోటివ్వడం కుదరదన్నారు. ఆయన చెడ్డవారు కాదు, కళ్లలో నీళ్లున్నాయి. “మరి ఆమె ఎక్కడికి పోయింది అయ్యగారూ?” అని అడిగాను. ఆయన నేల చూశారు. “వాక్యం స్పష్టంగా ఉందమ్మా,” అన్నారు. అంతకు మించి నేనూ అడగలేదు. వాన తెరిపి ఇచ్చాక ట్రాక్టర్‌లో బామ్నికి తీసుకుపోయి మా చేను గట్టున పెట్టాం.

ఆ తర్వాత పిడికెడు తీసే పని నాది. ఒక్క పూట తప్పలేదు. కానీ అవ్వ బాకీ సోలెడు మాత్రం తిరిగి పోయలేదు. మరిచిపోయి కాదు. ఈ మాట చెప్పడానికి సిగ్గుగానే ఉంది. బాకీ ఉన్నవాళ్లను ఇచ్చినవాడు మరిచిపోడు కదా అనుకున్నాను. అది తీరిస్తే దేవునికీ మా అవ్వకూ మధ్య ఇంకేం మిగలదు. తీరనంతకాలం పైన ఆయన ‘ఆ సిరోంచ పోశక్క’ అని ఒక్కసారైనా అనుకోక తప్పదు. అలా పద్దెనిమిదేళ్లు ఆ సోలెడు బియ్యాన్ని నేను పట్టుకుని కూర్చున్నాను.

నిరుడు అరుంధతి టీచర్ తన వరండాలో బుధవారం మధ్యాహ్నాలు అధ్యయన కూటం మొదలుపెట్టింది. ఆమె మా ఊరి తెలుగు బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైంది. హైదరాబాదులో ఆమె స్నేహితురాళ్లు ఇలాంటి కూటమే నడుపుతారట, వాళ్లు పంపిన పాఠాలు ఫోన్లో చూసి కాగితం మీద రాసి తెచ్చేది. అక్కడ వాక్యం చదివి ఎవరికేం అనిపిస్తే అది అడగొచ్చు. ‘నమ్మాలంతే’ అని ఎవరి నోరూ మూయకూడదు. తెలియకపోతే తెలియదనాలి. ఆరేడుగురం వెళ్లేవాళ్లం. చర్చిలో కొందరికి ఇది నచ్చలేదు. చేతిలో గ్రంథం పట్టుకుని వెళ్తుంటే దారిలో ఎవరో ఒకరు, “ఏంది ప్రసన్నక్కా, ఈ వయసుల పరీక్షకు పోతున్నవా?” అనేవాళ్లు. మా ఆయన సంఘ పెద్ద. వద్దనలేదు కానీ, “అడగాలని ఉంటే ఇంట్ల అడుగరాదు?” అన్నాడు. ఇంట్లో అడిగితే వినడని ఆయనకూ తెలుసు.

ఒక బుధవారం చదివింది సిలువ మీద ప్రభువు పక్కన వేలాడిన దొంగ గురించి.

కిష్టన్న అందుకున్నాడు. వంతెన రాకముందు ప్రాణహిత మీద నావ నడిపినవాడు, ఇప్పుడా నావ ఒడ్డున బోర్లించి ఉంది. “టీచరమ్మా, నాకొక డౌటు. ఈ దొంగకు బాప్తిస్మం ఎవరిచ్చిండ్రు? ఆ గుట్ట మీద దూప తీర్చుకుందామంటేనే నీళ్లు లేకపాయె.”

అందరూ నవ్వారు. టీచర్ కూడా నవ్వి, “ఎవరూ ఇయ్యలే కిష్టన్నా. అయినా రమ్మన్నడు,” అంది.

“ఆయన పేరేంది?” అన్నాను నేను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు.

“పేరు రాయలేదమ్మా.”

“మార్చుకొమ్మని గూడ అనలేదు గదా?”

టీచర్ నా వైపు చూసింది. ఇక ఆపుకోలేకపోయాను. అవ్వ పేరు, అయ్యగారు గుమ్మంలో నిలబడటం, సోలెడు బియ్యం, ఎందుకు తీర్చలేదో అన్నీ చెప్పేశాను. చెప్పాక అడిగాను. “మా అవ్వ ఎక్కడుంది టీచరమ్మా?”

ఆమె కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

“తెలియదు ప్రసన్నా,” అంది. “ఉన్నదని చెప్పి నిన్ను సంతోషపెట్టాలని ఉంది. కాని నాకు తెలియదు. ఒక్కటి మాత్రం అనగలను. బాకీ ఉందని గుర్తుపెట్టుకునేవాడైతే ఆయన షావుకారు గాని, తండ్రి ఎట్లయితడు?”

కిష్టన్న తల గీరుకున్నాడు. “పోశక్కను నేను మస్తుసార్లు ఏరు దాటించిన చెల్లే. ఎక్కేటప్పుడు నావ మీద రెండు దెబ్బలు కొట్టేది, నేనొస్తున్న కిష్టన్నా అని. ఎదురుంగ నేను నిలబడి చూస్తనే ఉందును! అసొంటి మనిషిని మరిచిపోవుడు నాతోనే కాలేదు. ఆయనతోని ఎట్లయితది?”

ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మాటలు బాగున్నాయి. అయినా ఇంటికి వచ్చి దేవుని కుండ ముందు నిలబడితే చెయ్యి లేవలేదు. టీచర్‌కే తెలియదంటే నేను ఏ ధైర్యంతో తీర్చను? ఉన్న ఒక్క ముడి నేనే ఎందుకు విప్పుకోవాలి?

పది రోజుల తర్వాత పక్కింట్లో ఖలీముల్లా భాయ్ చనిపోయాడు. బదరున్నీసా ఆపా భర్త. బస్టాండు దగ్గర సైకిల్ దుకాణం ఆయనది. నేను లోపల ఆడవాళ్లతో కూర్చున్నాను. శవాన్ని ఎత్తే ముందు పెద్దకొడుకు మున్నా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నలభై ఏళ్లవాడు.

“మా అబ్బా ఎవరికన్న బాకీ ఉంటే, ఎవరి వస్తువన్న ఆయన దగ్గర ఉండిపోతే చెప్పుండ్రి. ఇగ నుంచి అది నా మీద. నన్నడుగుండ్రి.”

ఒక ముసలాయన మొహమాటపడుతూ, “బేటా, నా పదమూడు నంబరు పానా తీసుకున్నడు. మూడేండ్లయింది. ఉండనీ తియ్యి,” అన్నాడు. మున్నా ఉండనివ్వలేదు. దుకాణానికి మనిషిని పంపి పానా తెప్పించి, రెండు చేతులతో ఆయనకిచ్చాడు. ఆ తర్వాతే ఎత్తారు.

వారం తర్వాత అన్నం, పప్పు గిన్నెల్లో పెట్టుకుని ఆపాను చూడటానికి వెళ్లాను. మనసులో అదే మెదులుతోంది. “ఒక్క పానా కోసం అంతసేపు ఆపిండ్రేంది ఆపా?” అన్నాను.

“ఆపాలె ప్రసన్నా. మాలో ముందుగాల బాకీ, ఆ తర్వాతే ఏదైనా. బాకీ ఉంటే రూహ్ ముందుకు పోదంటరు. పోయిన మనిషి ఆత్మ అక్కడ్నే నిలబడి చూస్తదంట, నా వాళ్లు ఎప్పుడు తీరుస్తరా అని.”

“ఎన్నేండ్లయినా?”

“తీర్చేదాంక.” ఆపా నా మొహం చూసింది. “ఏమైంది? జర కూసో, ఎందుకట్ల పరేషానయితవ్?”

కూర్చున్నాను. అది వాళ్ల నమ్మకం, మాది కాదు. అది నిజమని నేను అనను, అబద్ధమనడానికి నేనెవరిని? కానీ ఆ మాటతో అవ్వ నా కళ్లకు కట్టింది. ఏదో తలుపు ముందు నిలబడి ఉంది. రెండుసార్లు కొట్టింది, పేరు కూడా చెప్పింది. లోపలికి అడుగు పెట్టకుండా వెనక్కి తిరిగి నా వైపే చూస్తోంది. దేవుడు మరిచిపోకూడదని పద్దెనిమిదేళ్లు నేను ఆరాటపడ్డాను. అవ్వ మరిచిపోకన్నది దేవుణ్ణి కాదు. నన్ను.

ఆ సాయంత్రమే బామ్నికి ఫోన్ చేశాను. అవ్వను పెట్టిన చేను ఇప్పుడు మా తమ్ముడు ఈరయ్య చేస్తున్నాడు.

“తమ్మీ, మన చేను బియ్యం సోలెడు పంపు.”

“సోలెడా? అక్కా, బస్సోడు నవ్వుతడు. సంచి పంపుత తియ్యి.”

“సంచి వద్దు. సోలెడే.”

“గిదేం లెక్కనో!” అన్నాడు కానీ పంపాడు. బస్సులో వచ్చింది, చిన్న గుడ్డ మూటలో. విప్పి వాసన చూశాను. అవ్వ కొంగు దగ్గర వచ్చే వాసన కొంచెం ఉంది, లేక ఉందని నేను అనుకున్నాను.

శనివారం అన్నం దగ్గర మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన చెయ్యి ముద్ద మీదే ఆగిపోయింది.

“పద్దెనిమిదేండ్లు దాచినవా? నాక్కూడ చెప్పలే?”

“ఇప్పుడు చెప్తున్న. రేపు పోస్త. మీరు అవ్వ పేరు పిలువాలె.”

“నీ పేరు మీద పొయ్యి. ఎవరొద్దన్నరు?”

“నా పేరు మీద పోస్తే అది నాదయితది. బాకీ అవ్వది.”

“సంఘంల లేని మనిషి పేరు నేనెట్ల పిలుస్త ప్రసన్నా? అదీ ఆ పేరు! రేపు పెద్దలందరు నన్ను నిలవేస్తరు. ఆ ప్రశ్నల కూటం నీ తల తిప్పింది.”

“పదకొండేండ్లు పిడికెడు తీసింది ఎవరు? అవ్వ. మీరు పిలిచింది ఎవరి పేరు? నాది. ఆమె చేతి బియ్యానికి నా పేరు పిలిస్తే అప్పుడెవరూ నిలవేయలేదేంది?”

ఆయన చెయ్యి కడుక్కుని, అంగీ తొడుక్కుని బజారుకు పోయాడు. గంట తర్వాత వట్టి చేతులతో తిరిగొచ్చాడు. పడుకునే ముందు గోడవైపు తిరిగి, “ముసలామె నాకు పచ్చిపులుసు మంచిగ చేసేది,” అన్నాడు. అంతే. పిలుస్తాననలేదు, పిలవననలేదు.

ఆదివారం రెండు గిన్నెలతో వెళ్లాను. ఒకటి నెలంతా తీసిన నా పిడికెళ్లు. రెండోది అవ్వ సోల, కొంగు కింద. ఆరాధన అయ్యాక ఆడవాళ్లం వరుసగా నిలబడ్డాం. మా ఆయన సంచి అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్యాణి పోసింది, స్తోత్రం. దీపాలి పోసింది, స్తోత్రం. నా వంతు వచ్చింది. గిన్నె వంచాను.

“ప్రసన్న.”

“స్తోత్రం.”

నేను పక్కకు జరగలేదు. కొంగు కింద నుంచి సోల తీసి సంచి మీద పట్టుకున్నాను. వెనక వరుస ఆగిపోయింది. ఎవరో గొణిగారు. మా ఆయన సోల వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఈయన నోరు తెరవకపోతే ఈ బియ్యం ఇంటికే తీసుకుపోవాలని తీర్మానించుకున్నాను. సోల కొంచెం ఒరిగి నాలుగు గింజలు కింద పడ్డాయి.

“పోశక్క,” అన్నాడు, పెదవుల మధ్య.

మగవాళ్ల వైపు నుంచి కిష్టన్న గొంతు వచ్చింది. “వినబడలే బావా!”

మా ఆయన తలెత్తాడు. చెవులు ఎర్రబడ్డాయి. పేర్లు పిలవడంలో ఆయన గొంతు మా సంఘంలో పేరుపడినది. ఆ గొంతుతో, చర్చి గోడ అవతలికి కూడా వినబడేలా అన్నాడు.

“పోశక్క!”

“స్తోత్రం,” అంది అరుంధతి టీచర్ మొదట. తర్వాత కిష్టన్న. తర్వాత కొందరు. అందరూ అనలేదు. అన్నవాళ్లలో అవ్వ చేతి అన్నం తిన్నవాళ్లు ఉన్నారు.

నేను పోశాను. సోలెడు బియ్యం సంచిలో పడటానికి ఎంతసేపు పడుతుంది? పద్దెనిమిదేళ్లు పట్టుకున్నది ఒక్క ఊపిరిలో అయిపోయింది. నా బియ్యంలో, కళ్యాణి బియ్యంలో, అందరి బియ్యంలో కలిసిపోయింది. ఏది అవ్వదో ఇక ఎవరూ చెప్పలేరు. ఇక ఆయన తలుచుకోవడానికి బాకీ లేదు. తలుచుకుంటాడో లేదో నాకు తెలియదు.

నేల మీది నాలుగు గింజలూ ఏరి వాటినీ వేశాను. ఖాళీ సోలను సంచి మీద బోర్లించి, అడుగున వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాను.

“పోశక్క పంపింది,” అన్నాను, నాకు మాత్రమే వినబడేంత మెల్లగా. “తెచ్చింది యాదక్క.”